మింటనున్న మన వేధశాల

వానలు వెలిసి ఆకాశము నిర్మలమైన కార్తికమాసపు రాత్రులందు ఎల్లారెడ్డి ప్రాంతపు పొలముల గట్లపై నిలిచి తలయెత్తి చూచినచో నక్షత్రములు లెక్కకు మిక్కిలిగా కనబడును. మన పెద్దలు పిల్లలకోడిని, గొల్లకావడిని చూచి రాత్రి యెంత గడచినదో తెలిసికొనెడివారు. వేగుచుక్క పొడిచినంతనే కాడి కట్టెడివారు. గడియారము లేని దినములలో ఆకాశమే వారికి గడియారము. అయినను, విద్యార్థులారా! ఒక్క విషయము గమనింపవలెను. ఆకాశమునుండి భూమివైపు వచ్చు వెలుగులో మన కన్ను గ్రహింపగలిగినది మిక్కిలి స్వల్పభాగము. మిగిలినదానిని చూచుటకై మానవుడు ఆకాశములోనికే ఒక కన్నును పంపవలసివచ్చెను. అట్టి కన్నులలో మన దేశము నిర్మించి పంపినదాని పేరు ఆస్ట్రోశాట్. దాని దినచర్యను, అది చూచిన వింతలను ఈ పాఠమున తెలిసికొందము.

ఇంద్రధనుస్సులోని ఊదారంగునకు ఆవల మన కంటికి గోచరింపని కిరణములు కలవు. వీనిని అతినీలలోహిత కిరణములందురు. వీనికిని ఆవల ఎక్స్-కిరణములు, అంతకును ఆవల గామా కిరణములు ఉన్నవి. కామారెడ్డి ఆసుపత్రిలో వైద్యుడు విరిగిన యెముకను పరీక్షించుటకు వాడునవి ఈ ఎక్స్-కిరణములే. మిక్కిలి వేడిగల నక్షత్రములు అతినీలలోహిత కిరణములను విశేషముగా వెదజల్లును. కృష్ణబిలములోనికి సుడులు తిరుగుచు జారిపడు వాయువు లక్షల, కోట్ల డిగ్రీల వేడికెక్కి ఎక్స్-కిరణములను వెలువరించును. ఈ కిరణములు నేలవరకు వచ్చినచో జీవకోటికి ముప్పు కలుగును. ఓజోను పొర, గాలి కలిసి వీనిని పైననే అడ్డుకొనుచున్నవి. మనకు కవచమైన వాయుమండలమే మన చూపునకు తెర కూడ అయినది. ఆ తెరను దాటిపోయిన గాని విశ్వమునందలి మహోగ్రమైన సంఘటనలు మనకు కానరావు.

ఈ తెరను దాటు ప్రయత్నమునకు మన తెలుగునేలతో సన్నిహిత సంబంధము కలదు. 1901వ సంవత్సరమున నవాబు జాఫర్ జంగ్ హైదరాబాదులో స్వంత ధనముతో ఒక వేధశాలను నెలకొల్పెను. 1908లో అది నిజాము ప్రభుత్వపు ఆధీనమునకు వచ్చి నిజామియా వేధశాల యను పేర ప్రసిద్ధికెక్కెను. ఆ వేధశాలలోని ఒక ఉద్యోగి కుమారుడు హైదరాబాదులోనే పెరిగి, అచ్చటనే విద్యనభ్యసించి, 1949లో ఒక తోకచుక్కను కనుగొనినవారిలో ఒకడయ్యెను. ఆయనయే వేణు బప్పు. బెంగుళూరులో 1971న ఏర్పడిన భారతీయ ఖగోళ భౌతిక సంస్థకు ఆయన స్థాపకుడు. ఆస్ట్రోశాట్‌లోని అతినీలలోహిత దూరదర్శినిని సిద్ధపరచినది ప్రధానముగా ఆ సంస్థయే. హైదరాబాదు బాలుడు నాటిన విత్తనము ఆయన మరణానంతరము ఇట్లు ఆకాశమున ఫలించినది.

మరియొక సంబంధము బెలూనులది. 1960వ దశకపు చివరి సంవత్సరములనుండి ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారు హైదరాబాదునుండి మహాకాయములైన బెలూనులను పైకి వదలి, వానికి ఎక్స్-కిరణములను కనిపెట్టు పరికరములను కట్టి పంపుచుండిరి. ఆ బెలూనులు 30 మొదలుకొని 40 కిలోమీటర్ల ఎత్తునకు లేచి, కొన్ని గంటలు తేలియాడిన పిదప పరికరములను గొడుగువంటి పారాచూటుతో క్రిందికి దించును. అవి తెలంగాణపు చేలలోనో, గుట్టలపైననో దిగుట కలదు. "పొలములో పెట్టె దొరకినచో తెరువవలదు, విప్పవలదు, మాకు తెలుపుడు" అను భావముతో పత్రికలలో ప్రకటనలు వెలువడుచుండును. పెట్టెను విప్పినచో ఎంతో శ్రమతో సేకరించిన సమాచారము నశించును. లోపలి విద్యుత్తువలన ప్రమాదమును కలుగవచ్చును. దొరకిన పెట్టెను చెక్కుచెదరకుండ కాపాడు రైతు కూడ శాస్త్రమునకు సేవ చేసినవాడే యగును.

కాని బెలూనునకు ఒక హద్దు కలదు. అంత ఎత్తున సైతము కొంత గాలి మిగిలియే యుండును. బలమైన ఎక్స్-కిరణములే అచ్చటికి చేరును, బలహీనమైనవి చేరవు. చూపునకు లభించునది కొన్ని గంటల కాలము మాత్రమే. ఇందుచేత బెలూను ప్రయోగములలో ఆరితేరిన పి. సి. అగ్రవాల్ మొదలగు శాస్త్రజ్ఞులు గాలిని పూర్తిగా దాటిపోయి సంవత్సరములకొలది పని చేయగల వేధశాల కావలెనని సంకల్పించిరి. ఆ సంకల్పము 2015 సెప్టెంబరు 28వ తేదీ ఉదయము పది గంటలకు నెరవేరినది. ప్రస్తుతము తిరుపతి జిల్లాలో నున్న శ్రీహరికోటనుండి పి.ఎస్.ఎల్.వి. సి-30 అను రాకెట్టు ఆస్ట్రోశాట్‌ను మోసికొని లేచి, 650 కిలోమీటర్ల ఎత్తున విడిచెను. దాని బరువు 1,513 కిలోగ్రాములు. అదే రాకెట్టు విదేశములకు చెందిన మరి ఆరు చిన్న ఉపగ్రహములను కూడ మోసికొనిపోయెను.

ఆస్ట్రోశాట్‌లో ఐదు పరికరములు కలవు. మొదటిది అతినీలలోహిత దూరదర్శిని. ఇది 38 సెంటీమీటర్ల వ్యాసముగల దర్పణములతో కూడిన జంట దూరదర్శిని. రెండవది బలహీనమైన ఎక్స్-కిరణములను ఒకచోటికి చేర్చి చిత్రించునది. మూడవది వాయువు నింపిన మూడు పెద్ద పెట్టెల సముదాయము. ఎక్స్-కిరణముల వెలుగులో సెకనులోని అత్యల్పభాగమున కలుగు మార్పును కూడ ఇది పసిగట్టును. నాలుగవది మరింత బలమైన ఎక్స్-కిరణములను గ్రహించునది. ఐదవది కావలివాని వంటిది. అటునిటు తిరుగుచు ఆకాశమున ఎచ్చటనైన క్రొత్త వెలుగు పుట్టినదా యని చూచుచుండును. ఒకే నక్షత్రమును ఒకే సమయమున ఇన్నివిధముల వెలుగులలో చూడగలుగుట ఈ వేధశాలకు గల ప్రత్యేకత. రోగి నాడిని చూచినవాడొకడు, ఊపిరిని విన్నవాడొకడు, వేడిని కొలిచినవాడొకడు వేరువేరు దినములలో వచ్చినచో రోగము తెలియుట కష్టము. అన్నింటిని ఒక్కమారు చూచిన వైద్యునకు అది సులభము.

ఇక దీని గమనమును గూర్చి తెలిసికొందము. ఆస్ట్రోశాట్ సెకనునకు సుమారు ఏడున్నర కిలోమీటర్ల వేగముతో పోవును. కామారెడ్డినుండి ఎల్లారెడ్డికి బస్సులో పోవుటకు గంట పట్టును; ఈ వేగముతో పోయినచో ఐదారు సెకనులు చాలును. భూమిని ఒక్కమారు చుట్టివచ్చుటకు దానికి సుమారు 98 నిమిషములు పట్టును. కావున దినమునకు పదునాలుగు పదునైదు ప్రదక్షిణములు జరుగును. అయితే ఇది మన నడినెత్తిమీదికి ఎన్నడును రాదు. భూమధ్యరేఖకు 6 డిగ్రీల ఉత్తరము మొదలు 6 డిగ్రీల దక్షిణము వరకే దీని మార్గము. కామారెడ్డి సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నది. కావున మనకు అది దక్షిణదిశను దిగంతమునకు దగ్గరగా పడమటినుండి తూర్పునకు సాగిపోవును.

ఇట్టి మార్గమునే యేల యెన్నుకొనిరి? దక్షిణ అమెరికాకును, దాని ప్రక్కనున్న అట్లాంటిక్ సముద్రమునకును పైన విద్యుత్కణములు మిక్కిలి దట్టముగా నుండు ప్రదేశము ఒకటి కలదు. ఆ కణములు పరికరములను తాకినచో నిజమైన కిరణములకును, కణముల తాకిడికిని భేదము తెలియదు. పరికరములకును హాని కలుగును. భూమధ్యరేఖకు దగ్గరగా పోవు ఉపగ్రహము ఆ ప్రదేశపు అంచును మాత్రమే తాకుచు పోవును. ఆ అంచును దాటునపుడు సున్నితములైన పరికరముల విద్యుత్తును తగ్గించుటయో, ఆపుటయో చేసి, దాటిన పిమ్మట మరల చూపు సాగింతురు. గాలివాన వచ్చునపుడు కిటికీలు మూసి, వెలిసిన పిమ్మట తెరచునట్లుగా ఇది ప్రతిదినము జరుగును.

ఆస్ట్రోశాట్ దినచర్య దాని యిష్టము ననుసరించి సాగునది కాదు. ఏ నక్షత్రమును, ఏ నక్షత్రమండలమును, ఎంతసేపు చూడవలెనో శాస్త్రజ్ఞులు ముందుగా విన్నపములు పంపుదురు. నిపుణుల సంఘము వానిని పరిశీలించి తగినవానిని ఎన్నుకొనును. అడిగిన కాలము ఎల్లప్పుడును ఉన్న కాలమునకంటె ఎక్కువగా నుండును గనుక కొన్ని మంచి విన్నపములను సైతము త్రోసిపుచ్చక తప్పదు. ఎన్నిక ముగిసిన పిదప బెంగుళూరులోని ఇస్రో నియంత్రణ కేంద్రమువారు దినమునకు, గంటకు, నిమిషమునకు పట్టిక వ్రాసి, ఆజ్ఞలుగా మార్చి, రేడియో తరంగములద్వారా ఉపగ్రహమునకు పంపుదురు.

ఆ పట్టికలో నిషేధములు పెక్కు కలవు. దూరదర్శిని సూర్యుని సమీపమునకు తిరుగరాదు. తిరిగినచో కన్ను శాశ్వతముగా చెడిపోవును. మిక్కిలి ప్రకాశముగల నక్షత్రము అతినీలలోహిత దూరదర్శిని చూపులో పడరాదు. ఉపగ్రహము పరుగెత్తు దిశకు ముఖాముఖిగా దర్పణములను నిలుపరాదు. అంత ఎత్తునను పలుచగా నుండు ఆక్సిజను పరమాణువులు వానిని తాకి పాడుచేయును. భూమి అడ్డువచ్చిన వేళ చూచుట వ్యర్థము. అతినీలలోహిత దూరదర్శిని, ఉపగ్రహము భూమినీడలో నున్నపుడే పని చేయును. ఒక్కొక్క ప్రదక్షిణమున ఆ నీడ సుమారు 35 నిమిషములే. వీనినన్నిటిని ఎరిగి, అందులో మిగిలిన నిమిషములను కూర్చుకొని చూడవలెను.

నిశ్చయించిన వేళకు ఉపగ్రహములోని చక్రములు తిరుగుట మొదలిడును. చక్రము ఒకవైపునకు తిరిగినచో ఉపగ్రహము మెల్లగా రెండవవైపునకు తిరుగును. నక్షత్రములను గుర్తించు చిన్న కెమెరాలు "మనము సరియైన దిక్కునకే చూచుచున్నామా" యని సరిచూచును. ఎంత నిలకడగా నిలిపినను ఉపగ్రహము స్వల్పముగా కదలుచునే యుండును. దీనికి ఒక చక్కని ఉపాయము కలదు. అతినీలలోహిత దూరదర్శిని సెకనునకు సుమారు 29 చిత్రములను తీయుచు, దానిని తాకిన ఒక్కొక్క కాంతికణపు స్థానమును వ్రాసికొనును. ప్రక్కనున్న మరియొక కెమెరా మామూలు వెలుగులో నక్షత్రములను చూచుచు కదలిక యెంతయో తెలుపును. తరువాత భూమిపైన గణకయంత్రములు ఆ కదలికను తీసివేసి చిత్రములను ఒకదానిపై నొకటి పేర్చును. ఇట్లు కదలుచున్న కంటినుండియే కదలని చిత్రము లభించును. దాని చూపు ఒకమారు ఆవరించు ప్రదేశము ఆకాశమున పూర్ణచంద్రుని బింబమంత మాత్రమే.

చూచినదంతయు మొదట ఉపగ్రహములోనే భద్రపరచబడును. ఉపగ్రహము బెంగుళూరునకు కనబడు దూరమున పోవు కొద్ది నిమిషములలో బ్యాలాలు గ్రామమునందలి పెద్ద యాంటెన్నాలు ఆ సమాచారమును అందుకొనును. పిదప ఆయా పరికరములను నిర్మించిన సంస్థలు దానిని శుద్ధిచేసి విన్నపము చేసిన శాస్త్రజ్ఞునకు ఇచ్చును. నియమితమైన గడువు ముగిసిన తరువాత అది లోకమునకంతటికి తెరచియుంచబడును. కామారెడ్డి కళాశాల విద్యార్థికైనను, కెనడా దేశపు ఆచార్యునికైనను దానిని పరిశీలించు హక్కు సమానమే.

ఈ వేధశాల ఓర్పునకు నిదర్శనములు మొదటి దినములనుండియు కనబడును. క్రొత్త ఉపగ్రహమునుండి కొంతకాలము సూక్ష్మమైన ఆవిరులు వెలువడుచుండును. అవి దర్పణములపై పేరినచో అతినీలలోహిత కిరణములు మింగబడును. అందుచేత ఆకాశమును చేరిన రెండు నెలల వరకు ఆ దూరదర్శిని తలుపులు తెరువక వేచియుండి, 2015 నవంబరు 30న తెరచిరి. బలమైన ఎక్స్-కిరణములను చూచు పరికరమునకు అంతటి నిరీక్షణము అవసరము లేకపోయెను. దానిని అక్టోబరు 6న మేల్కొల్పగా ఆ దినముననే దూరవిశ్వమున సంభవించిన ఒక గామా కిరణ విస్ఫోటము దానికి చిక్కెను. 2023 నవంబరు నాటికి అట్టి విస్ఫోటములు 600 పట్టుబడినవి.

పట్టుబడినదానిని గూర్చి నిజము పలుకుటయు శాస్త్రధర్మమే. 2017 జనవరి 4వ తేదీన అమెరికాలోని యంత్రములు రెండు కృష్ణబిలముల కలయికవలన పుట్టిన గురుత్వ తరంగమును కనిపెట్టెను. ఆ దిక్కుననే క్రమముగా మాసిపోవు ఒక వెలుగు కనబడగా, అది ఆ కలయికవలన పుట్టినదేమో యను ఆశ కలిగెను. కాని ఆస్ట్రోశాట్ మరునాడు ఒక గామా కిరణ విస్ఫోటమును గుర్తించియుండెను. ఆ వెలుగు ఈ రెండవదానిది గాని మొదటిదానిది కాదని మన శాస్త్రజ్ఞులు నిరూపించిరి. అవును అని చెప్పుట వలెనే కాదు అని చెప్పుటయు జ్ఞానమును పెంచునదే.

అన్నిటికంటె స్మరింపదగినది 2016 అక్టోబరు నాటి పరిశీలనము. నిజామాబాదు జిల్లానుండి విడివడి కామారెడ్డి జిల్లా ఏర్పడినది ఆ నెల 11వ తేదీననే. ఆ మాసమున ఆస్ట్రోశాట్ తన చూపును ఆకాశములోని ఒక చిన్న ప్రదేశముపై నిలిపి, మొత్తము 28 గంటలకు పైగా చూచెను. మీరే లెక్క కట్టుడు: ఒక్కొక్క ప్రదక్షిణమున 35 నిమిషములకు మించి చీకటి దొరకనపుడు 28 గంటలు కూడబెట్టుటకు ఎన్ని ప్రదక్షిణములు కావలెను? నలువదియెనిమిదికి తక్కువ కాదు. ఆ చిత్రములో 930 కోట్ల కాంతిసంవత్సరముల దూరముననున్న ఒక నక్షత్రమండలమునుండి వచ్చిన అతినీలలోహిత కాంతి అతి సన్నముగా కనబడెను. మన భూమి పుట్టి సుమారు 450 కోట్ల సంవత్సరములు. అనగా భూమి పుట్టుటకు ఎంతో పూర్వము బయలుదేరిన వెలుగు అది.

పుణెలోని ఖగోళశాస్త్ర కేంద్రమునకు చెందిన కనక్ సాహాయును, ఆయన సహచరులును ఆ సన్నని వెలుగును చూచినంతనే లోకమునకు చాటలేదు. అది పరికరపు దోషమేమో, ప్రక్కనున్న మరియొక నక్షత్రపు వెలుగేమో యని దాదాపు రెండు సంవత్సరములు పరీక్షించిరి. సందేహము తీరిన పిదప 2020 ఆగస్టులో ప్రకటించిరి. అమెరికావారి హబుల్ దూరదర్శిని దర్పణపు వ్యాసము 2.4 మీటర్లు. వెలుగును పట్టు వైశాల్యమున అది మనదానికంటె సుమారు 40 రెట్లు పెద్దది. అయినను ఈ కాంతిని అది చూడలేదు, మనది చూచినది. కారణమేమి? మన దూరదర్శినిలో పరికరమే పుట్టించు వృథా సంకేతములు మిక్కిలి తక్కువ. సంతలో అరచి పిలిచినను వినబడని మాట నిశ్శబ్దమైన ఇంటిలో గుసగుసగా పలికినను వినబడును గదా! పెద్ద చెవికంటె నిశ్శబ్దమైన చెవి అచ్చట ఎక్కువ పనికివచ్చినది.

ఈ వేధశాలకు కష్టములు రాకపోలేదు. 2018వ సంవత్సరమున అతినీలలోహిత దూరదర్శినిలోని రెండు విభాగములలో ఒకటి పని చేయుట మానెను. అదే యేట వాయువు నింపిన మూడు పెట్టెలలో ఒకదానినుండి వాయువు కారిపోవగా దానిని ఆపివేసిరి. పైకి పోయి బాగుచేయువారు లేరు. మిగిలిన అవయవములతోనే అది తన పనిని సాగించెను. ఐదు సంవత్సరముల సేవకై నిర్మింపబడిన ఉపగ్రహము 2020లో ఆ గడువు తీరిన తరువాతను ఆకాశమును పరిశీలించుచు వచ్చెను.

విద్యార్థులారా! ఆస్ట్రోశాట్ లోకములోని దూరదర్శినులలో పెద్దది కాదు. దాని ఘనత నియమమునందు ఉన్నది. చూడరానివైపు చూడక, దొరకిన నిమిషమును పోగొట్టుకొనక, లోపలి అలజడిని అణచుకొని, చూచినదానిని పలుమారులు సరిచూచుకొని పలికినందువలననే అది పెద్దవానికి కానరానిదానిని చూడగలిగినది. చదువునందు గాని, వ్యవసాయమునందు గాని, మరి ఏ వృత్తియందు గాని ఈ పద్ధతికి సాటియైనది లేదు. పల్లెటూరి బడిలో చదువు పిల్లవాడు తనకున్నది చిన్న కన్నని చింతింపనక్కరలేదు. ఆ కన్నును నిలకడగా నిలుపుట నేర్చినచో చాలును.

ప్రశ్నలు

1. దూరదర్శినిని ఆకాశములోనికి పంపవలసిన అవసరమేమి? బెలూను ఏల చాలలేదు?
2. ఆస్ట్రోశాట్ మనకు నడినెత్తిన ఏల కనబడదు?
3. దాని దినచర్యలోని నిషేధములను, వాని కారణములను వ్రాయుడు.
4. హబుల్ చూడలేనిదానిని ఆస్ట్రోశాట్ చూడగలుగుటకు కారణమేమి?
5. మీ పొలములో శాస్త్రజ్ఞుల బెలూను పెట్టె దిగినచో మీరేమి చేయుదురు? ఏల?